కుమ్మరి ఆవం

పచ్చి కుండలను ఆరుబయట కాల్చే బట్టీ. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు ఊళ్లలో చెరువు మట్టితో చేసిన రంజన్లు, గురుగులు, ప్రమిదలు ఇందులోనే కాలేవి.

నేల మీద కట్టెలు, పిడకలు పరచి, ఆరిన కుండలను బోర్లించి పేరుస్తారు. సందుల్లో చిన్న పాత్రలు ఇరికిస్తారు. పైన వరిగడ్డి కప్పి బురద మెత్తి, పొగ పోవడానికి కంతలు వదులుతారు. మొదట్లో సెగ సన్నగా ఉండాలి. మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే కుండ పగులుతుంది. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇసుకలోని స్ఫటికం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. ఆవాన్ని తొందరపడి విప్పకపోవడానికి అదీ ఒక కారణం. వేడి సాధారణంగా 900 డిగ్రీలు దాటదు. అందుకే మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, రంజన్ నీళ్లు చల్లబడేది వాటి వల్లే.

గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, పొగ కమ్మితే కుండ నల్లబడుతుంది. తెలంగాణలోని బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే పాత్రల్లో ఈ రెండు రంగులూ ఒకే కుండ మీద ఉంటాయి: లోపల, అంచు దగ్గర నలుపు, కింద ఎరుపు. అది గాలివాటపు పని కాదు, చేయి తిరిగిన పనితనం.

స్టీలు గిన్నెలొచ్చాక వంట కుండలకు గిరాకీ పడిపోయింది. బోనాలకు, పెండ్లిలో ఐరేని కుండలకు మాత్రం కుమ్మరి ఇంటికే వెళ్తారు.