చికాకోలు నుంచి ఎచ్చెర్ల దాకా

మా కంచిలిలో వున్న రైలుస్టేషను పేరు సోంపేట. అక్కడ బండెక్కి ఆమదాలవలసలో దిగితే బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని వుంటుంది. ఆ స్టేషనుకు రైల్వేవారు వాడే గుర్తు మాత్రం యిప్పటికీ సి.హెచ్.ఇ. చికాకోలు అనే పాతపేరు తాలూకు ఆనవాలది. వూరొకటి, పేరొకటి. శ్రమ ఒకరిది, శిలాఫలకం మరొకరిది. మా జిల్లా చరిత్ర చాలావరకు యిలాగే రాయబడింది.

నాగావళి ఒడ్డున వున్న యీ పట్నాన్ని చూడవచ్చిన వారికి ముందుగా అరసవల్లి సూర్యదేవాలయం చూపిస్తారు. తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు చూపిస్తారు. చూడవలసినవే, కాదనను. అయితే ఆ రాళ్లు మోసినవారెవరు? 1753లో నిజాం సలాబత్‌జంగ్ చికాకోలుతో సహా ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ధారపోశాడు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం అదే నేలను ఈస్టిండియా కంపెనీకి ఫర్మానా రాసిచ్చాడు. మరుసటి యేడు నిజాం కూడా ఒప్పందం చేసుకున్నాడు. పదమూడేళ్లలో యిన్ని చేతులు మారిన నేలను దున్నుతున్న రైతును అడిగినవాడు లేడు.

చికాకోలుకు పేరు తెచ్చింది కోటలు కాదు, మగ్గాలు. ఇక్కడి సన్నని మస్లిను దూరదేశాలలో పేరెన్నిక గన్నది. మరమిల్లు బట్ట దిగాక ఆ మగ్గాలు మూలబడ్డాయి. పొందూరులో మాత్రం వాలుగ చేప దవడతో పత్తి యేకి, సన్నపు నూలు వడికే విద్య స్త్రీల చేతుల్లో బతికింది. 1866 కరువు గంజాం జిల్లానంతా పీల్చి పిప్పిచేసింది. రాజుల పట్టాభిషేకాలకు తేదీలు బట్టీపట్టిన మేము యీ కరువు తేదీని మాత్రం బళ్లో నేర్చుకోలేదు.

చదువు సంగతి చూద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం యేర్పడి గంజాం జిల్లా చీలిపోయినప్పుడు మా ప్రాంతం విశాఖ జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. జిల్లా వచ్చిందిగాని, విశ్వవిద్యాలయం మాత్రం మాకు రెండు వందల కిలోమీటర్ల దూరంలో వాల్తేరు గుట్టమీదే వుండిపోయింది. బరంపురం దగ్గరే, కాని అది పరాయి రాష్ట్రమైంది. కొబ్బరితోటలో కూలికి పోయేవాడి కొడుక్కి ఎం.ఏ. అనేది చదువుకన్నా ముందు బస్సుఛార్జీల సమస్య. 1977లో ఎచ్చెర్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పి.జి. కేంద్రం వచ్చాకనే నాబోటివాళ్లకు ఆ గడప అందింది. ఆ కేంద్రమే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. బడిలో విడిగా కూర్చోబెట్టబడిన మనిషి పేరు ఆ ద్వారం మీద వుండడం చిన్న విషయం కాదు.

కాని పేరుతోనే పని పూర్తవుతుందా? ఇక్కడ నా సంగతే చెప్పుకోవాలి. మా పెద్దన్న జీడితోటలో పనిచేసి నన్ను చదివించాడు. ఉద్దానంలో యింటింటికీ తెలిసిన కిడ్నీజబ్బు ఆయననూ పట్టుకుంది. డయాలసిస్‌కు పోయివచ్చిన ఒక సాయంత్రం అడిగాడు: "ఒరే, అంత సదువు సదివినావు గదా, మన నీల్లల్లో యేటున్నాదో సెప్పలేవా?" తూర్పుగాంగుల వంశావళి అప్పగించగల నేను ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ఆ లోటు నాదే. నేను చదువుకున్న చరిత్రలో మా బావి లేదు.

2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనాకేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాలలో ఉద్దానానికి వచ్చాయి. మంచిదే. అయినా జబ్బుకు కారణం యిదీ అని యింకా తేలలేదు. అది తేల్చడం వైద్యుల పని మాత్రమే కాదు. ఏ వూళ్లో యెవరు, యేపని చేస్తూ, యే నీళ్లు తాగి, యెన్నేళ్లకు మంచం పట్టారో రాయడం చరిత్రకారుడి పని కూడా.

ఇందుకు మనకు దారి చూపినవాడున్నాడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవరలను యింటికి పిలిచి, వాళ్ల దగ్గర తానే విద్యార్థిగా కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. లిపిలేని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. జనం దగ్గరికి పోయి నేర్చుకోవడమే అసలైన విద్యాపీఠమని ఆయన చేసి చూపించాడు.

కంచిలి నుంచి ఎచ్చెర్లకు పోయే విద్యార్థి దారిలో వంశధార దాటుతాడు, నాగావళి దాటుతాడు. ఆ పిల్లవాడి వెంట వాళ్ల వూరి బావి సంగతి కూడా తరగతి గదిలోకి రావాలి. అప్పుడు మా అన్న అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడం మొదలవుతుంది. ఆ జవాబు వినడానికి మా అన్న లేడు. ఉద్దానంలో యింకా అడుగుతున్నవాళ్లు వున్నారు.