మేస్త్రీ పుస్తకంలో మన పేరు

పనికోసం ఎక్కడికెళ్ళినా అడిగేది రెండు మాటలు: ఏం చదివారు, ఇదివరకు ఎక్కడ చేశారు. నోటిమాట చాలదు, కాగితం చూపించమంటారు. మన తాతల నాటి రంగూన్‌లో ఆ కాగితం ఎవరి దగ్గర ఉండేదో ఒకసారి చూద్దాం.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదే ఇక్కడ మనవాళ్ళకి 'కొరంగీలు' అన్న పేరొచ్చింది. ఓడెక్కి వచ్చినవాళ్ళు రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చేదీ, ఇక్కడ పనిలో పెట్టేదీ మేస్త్రీయే. మిల్లులో హెడ్ మేస్త్రీ, చార్జి మేస్త్రీ, గ్యాంగు మేస్త్రీ అని వరస. కూలి డబ్బు ఇన్ని చేతులు దాటి రావాలి, దాటిన ప్రతి చేతికీ కొంత అంటుకునేది. ఇక పైనున్న యజమానికి కూలీ పేరుతో పనేముంది?

అలాగని కాగితమే లేదనుకోకండి. అడ్వాన్సు పుచ్చుకుంటే ఒప్పందం మీద వేలిముద్ర పడేది. 1859 నాటి చట్టం కింద, అడ్వాన్సు తిని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ముందుకి లాగొచ్చు. పని చెయ్యాలి, లేదా డబ్బు కట్టాలి. కాదంటే మూడు నెలల దాకా జైలు. 1925లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. అంటే మనవాడి పేరున్న కాగితం అప్పుకి సాక్ష్యం, పనికి కాదు. పదేళ్ళు రేవులో చేశాడనడానికి మేస్త్రీ మాటే దిక్కు. ఆ మేస్త్రీ పోతే పదేళ్ళూ పోయినట్టే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు దేశం విడిచారు, చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకనే. 1962 తర్వాత షాపులు, వ్యాపారాలు సర్కారు చేతిలోకి పోయాయి, మళ్ళీ ఓడలు నిండాయి. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అప్పటి గుర్తే. ప్రైవేటు బడులూ జాతీయమయ్యాయి. సముద్రం అవతల దిగినవాడు తన బడి సర్టిఫికెట్టు కోసం ఏ హెడ్మాస్టరుకి ఉత్తరం రాస్తాడు?

ఇప్పుడు సంచౌంగ్‌లో మనం చూసే చిక్కు వేరు. ఇంట్లో తెలుగు పేరు, బడిలో బర్మా పేరు. బర్మా పేరుకి ఇంటిపేరుండదు, బయటిదేశం ఫారమ్‌లో ఆ గడి తప్పదు. మెట్రిక్ సర్టిఫికెట్టులో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటే ఇద్దరు మనుషులనుకుంటారు. రెండూ ఒకరివేనని నోటరీ దగ్గర ముందే రాయించుకోవడం మేలు, ఏజెంటు తొందరపెట్టే రోజుదాకా ఆగొద్దు.

పని మానేటప్పుడు, మాటలు బాగున్న రోజునే, చేరిన తేదీ, మానిన తేదీ, చేసిన పని రాసిన ఉత్తరం అడగండి. ఇవ్వకపోతే జీతం చీటీలు, గేటు కార్డు, బ్యాంకులో పడిన జీతం లెక్క పనికొస్తాయి. ఒరిజినళ్ళు ఏజెంటు దగ్గర వదలకండి, జిరాక్సు ఇవ్వండి. ఇంకో జిరాక్సు ఇంట్లో, బియ్యం డబ్బాలో కాకుండా, తడి తగలని చోట.