దిబ్బ కింది మంచినీళ్లు

నెల్లూరు తీరంలో ఉప్పు పండించడం పాత వృత్తి. ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు మడుల్లో సముద్రపు నీటిని కట్టి ఎండబెట్టేవారు. ఉప్పు గట్టుకు చేరేది, నీరు ఆవిరై పోయేది. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రాంతపు ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నాక ఆ ఉప్పుకు లెక్కలూ కాపలాలూ వచ్చాయి. పోయే ఆవిరిని పట్టి తాగునీరు చేసుకోవడం మాత్రం ఇక్కడి వృత్తిలో భాగం కాలేదు. ఆ అవసరమే లేదు. మంచినీళ్లు పక్కనే, ఇసుకదిబ్బ కింద ఉండేవి. ఈ తీరంలో తాగునీటి చరిత్ర అంటే ప్రధానంగా వాననీటిలో ఉప్పు కలవకుండా కాచుకున్న చరిత్రేనని నా వాదన.

దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి ఇంకుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ బరువుకు అది అడుగున ఉండిపోతే, వాననీరు దానిమీద తేలి నిలుస్తుంది. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరుంటే, ఆ మట్టం కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని 19వ శతాబ్దం చివర్లో బాడన్ గైబెన్ అనే డచ్చి ఇంజనీరు, 1901లో హెర్జ్‌బెర్గ్ అనే జర్మన్ తేల్చారు. చెలమ పద్ధతి ఈ సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. దిబ్బ వాలున లోతులేని గుంట తీసి, ఊరిన నీటిని చిప్పతో ముంచి బిందెలో పోసుకుని, మళ్లీ ఊరేదాకా ఆగాలి. తొందరపడి లోతుగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి లేస్తుంది.

1990ల మొదట్లో రొయ్యల చెరువులొచ్చాయి. ఉప్పునీటిని మోటార్లతో తోడి ఊళ్ల పక్కనే నిలగట్టారు. 1996 డిసెంబరు 11న, రొయ్యల చెరువులపై వేసిన ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం ప్రస్తావన ఉంది. చెరువుల వల్ల నీరు ఉప్పుబారి అక్కడి 600 మంది మత్స్యకారులకు తాగునీరు కరువైంది. ఆడవాళ్లు ఎదురుతిరిగాకే ట్యాంకర్లు వచ్చాయి. తీరప్రాంత ఆక్వా సాగుపై వచ్చిన 2005 చట్టంతో రొయ్యల సాగు రిజిస్ట్రేషన్ల కింద కొనసాగింది. తాగేవాళ్లకు మిగిలింది వాటర్ ప్లాంటు, 20 లీటర్ల క్యాను.

చెలమ నీటిలో రోగక్రిములుండవా, పెరిగిన జనానికి చెలమలు చాలుతాయా, ఉప్పెన వస్తే దిబ్బా చెడదా అని అడగవచ్చు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. అయితే క్రిములు కాచితే చస్తాయి, క్లోరిన్‌తో చస్తాయి. ఉప్పునీటిని కాచితే ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ఇక జనం పెరిగారు కాబట్టి యంత్రం కావాల్సిందే. సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీరు తీయడానికి నేటి ఆర్‌ఓ ప్లాంట్లకు సుమారు 3, 4 యూనిట్ల కరెంటు పడుతుంది. నగరం ఆ ఖర్చు మోయగలదు. చెన్నై పక్కన మీంజూరులో 2010లో రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ప్లాంటు పెట్టారు, దాని చిక్కటి ఉప్పునీరు సముద్రంలోకే పోయేలా కట్టారు. ఊళ్లోని చిన్న ప్లాంటుకు ఆ వీలు లేదు. అది వదిలిన నీరు పక్క కాలవలో పడితే, తిరిగి అదే ఇసుకలోకి దిగి, రేపు అదే బోరులోకి వస్తుంది.

అందుకే దిబ్బను తవ్వుకుపోనిచ్చి ఆపైన ప్లాంటు కట్టడం పరిష్కారం కాదు. తాగునీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం చెబుతోంది. ప్రతి తీరగ్రామంలో దిబ్బ పక్క బావినీటిలో లవణాలను ఏటా వానలకు ముందూ తర్వాతా కొలిచి, ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయాలి. అంకె పెరుగుతుంటే ఆ పక్కన కొత్త రొయ్యల చెరువుకు అనుమతి ఇవ్వకూడదు.