గుండు గురి, కొలత విద్య

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున సంచికకొక చరిత్ర వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరిరి. పద్దుల పుస్తకములతో కాలము గడపు నాకు రాజుల యుద్ధములకంటె తూకము, కొలత, లెక్క వీనియందే మక్కువ మెండు. కావున తుపాకి గురికి లెక్క కట్టిన యొక మనుజుని కథ విన్నవించుచున్నాను.

మా తాతగారు చెప్పిన సంగతి యొకటి కలదు. ఆయన చిన్నతనమున మా యూరి వేటగాడొకడు నాటుతుపాకిలో మందును అరచేతి అంచనాతో పోయుచుండెడివాడట. ఒకనాడు వాని గుండు సరిగా తగులక, గాయపడిన అడవిపంది చెఱకుతోటలో దూరి మూడు దినములు మూలిగి చచ్చెనట. “మందు కొలిచి పోసియున్నచో దానికా బాధ తప్పెడిది” అని తాతగారు నొచ్చుకొనుచుండిరి. గురి తప్పుట వేటగానికి నష్టము మాత్రమే కాదు, ప్రాణికి నరకము.

బెంజమిన్ రాబిన్స్ 1707లో ఇంగ్లండులోని బాత్ పట్టణమున, బీద క్వేకరు కుటుంబమున జన్మించెను. గణితమును చాలవఱకు స్వయంకృషిచేతనే సాధించెను. 1742లో తుపాకి విద్యకు నూతన సూత్రములను ప్రతిపాదించుచు నొక గ్రంథమును ప్రకటించెను. గాలి యడ్డు స్వల్పమనియు, గుండు చక్కని వక్రరేఖలో పోవుననియు నాటి పండితులు పెక్కురు తలచుచుండిరి. రాబిన్స్ బరువైన కొయ్యపలకను లోలకమువలె వ్రేలాడగట్టి, దానిపై గుండు పేల్చి, పలక యెంత యూగెనో కొలిచి, గుండు వేగమును గణించెను. అది సెకనుకు సుమారు 1,700 అడుగులు. అంతటి వేగమున గాలి కలిగించు నిరోధము గుండు బరువునకు నూరు రెట్లు మించునని తేలినది.

ఇక గుండు ప్రక్కకు తొలగుటకు కారణమేమి? నున్నని గొట్టములో వదులుగా నుండు గుండు గోడలకు తాకుచు, ఏదో యొక వైపునకు బొంగరమువలె తిరుగుచు వెలువడును. ఆ భ్రమణమే దానిని త్రోవ తప్పించును. దీనిని నిరూపింప రాబిన్స్ ఒక తుపాకి మూతిని ఎడమకు వంచి, ఎదుట పలుచని కాగితపు తెరలను వరుసగా నిలిపి పేల్చెను. గుండు మొదట ఎడమకు పోయి, పిమ్మట కుడికి మరలెను. తెరలలోని రంధ్రములే సాక్ష్యము పలికినవి.

గొట్టము లోపల మరవలె మెలి తిరిగిన చాళ్లు చెక్కినచో గుండు తాను పోవు దిక్కునే ఇరుసుగా గొని తిరుగును, గురి నిలుచును. జర్మనీ, స్విట్జర్లాండు దేశముల వేటగాండ్రు అట్టి తుపాకులను అదివఱకే వాడుచుండిరి. వాని గుణమునకు హేతువును రాబిన్స్ 1747లో రాయల్ సొసైటీకి విన్నవించెను. ఆయన గ్రంథమును ఆయిలరు మహాశయుడు 1745లోనే, కాళిదాసునకు మల్లినాథునివలె, విస్తృత వ్యాఖ్యతో జర్మను భాషలో వెలువరించెను.

అయినను చాళ్ల తుపాకిని నింపుట కష్టము. జిడ్డు పూసిన గుడ్డలోనో తోలులోనో గుండును చుట్టి, కడ్డీతో దిగగొట్టవలెను. 1849లో ఫ్రాన్సున మినియే అడుగు బోలుగానుండు గుండును రూపొందించెను; అది సులువుగా దిగి, పేలునపుడు విచ్చుకొని చాళ్లను పట్టుకొనును. అట్టి గుండు గల ఎన్‌ఫీల్డు తూటా కాగితమునకు పూసిన కొవ్వే 1857 తిరుగుబాటునకు ఒక కారణమైనది.

పిమ్మట ఇత్తడి తూటాలు వచ్చెను. పేలిన డొప్పను పాఱవేయక, క్రొత్త టోపీ, మందు, గుండు అమర్చి మరల వాడవచ్చును. 1870 ప్రాంతమున అమెరికా మైదానములలో అడవిదున్నలను వేటాడినవారు తమ బసలలోనే సీసము కరగించి తూటాలు నింపుకొనుచుండిరి. పొదుపునకై పుట్టిన యీ పని క్రమముగా గురికి సాధనమైనది. అధికముగా మందు పోయుట అందలి రహస్యము కాదు. ప్రతి తూటాకును ఒకే తూకము మందు, ఒకే బరువు గుండు, ఒకే లోతున అమరిక యుండవలెను. సమత్వమే గురి. ఫ్రాంక్లిన్ మాన్ అను అమెరికా వైద్యుడు పెక్కేండ్లు ప్రయోగములు చేసి 1909లో వెలువరించిన గ్రంథమున, బరువు ఒక ప్రక్కకు ఒరిగిన గుండే త్రోవ తప్పునని చూపెను.

రాబిన్స్ తుది దినములు మన తూర్పుతీరమున గడచెను. ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రధాన ఇంజనీరుగా నియమింపగా 1750లో కడలూరు చెంతనున్న సెంట్ డేవిడ్ కోటకు చేరెను. చెన్నపట్టణపు కోటకును, ఆ కోటకును మరమ్మతులు యోచించుచు, 1751 జూలై 29న, నలుబదియైదేండ్లు నిండకుండగనే, అచ్చటనే మరణించెను.

నేడు మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయును వేటను దాదాపు మాన్పించినవి. అనుమతి లేక తూటా తయారుచేయుట 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి నేరము. అది మేలే. ఆ విద్య పోయినను, దాని వెనుకనున్న బుద్ధి పోరాదు. బీద యింట పుట్టి, పుస్తకములనే గురువులుగా గొన్న యొక బాలుడు లోకమంతయు నమ్మిన మాటను కొయ్యపలకతోను కాగితపు తెరలతోను సరిదిద్దెను. మన గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండు బాలురును అరచేతి అంచనాను విడిచి, కొలిచి చూచి పలుకుట నేర్తురుగాక.