మల్కిభరాముడి చెరువు, మా తాత చెలక

గోల్కొండని 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాని తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు ఆయనకి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ అంకితమిచ్చాడు. కథ మహాభారతంలోదే. సంవరణుడనే రాజు సూర్యుడి కూతురు తపతిని పెళ్ళాడి కొండల్లోనే ఉండిపోతాడు. రాజ్యంలో పన్నెండేళ్ళు వాన పడదు. వసిష్ఠుడు రాజుని వెనక్కి తీసుకొచ్చాక గానీ కరువు తీరదు.

హైదరాబాదుకి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఆ మల్కిభరాముడి కాలానిదే, ఊరి పేరూ ఆయనదే. కరువంటే వాన లేకపోవడం, దానికి జవాబు రాజు, ఆ రాజు ఇచ్చే జవాబు చెరువు. మన చరిత్ర రాతలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

కానీ చెరువు నీళ్ళు పారేది కట్ట కింది వరి మళ్ళకి. పైనున్న ఎర్ర చెలకల్లో ఆముదం, జొన్న, కంది బతికింది మట్టిలో దాగిన తడి మీద. మా తాత దాన్ని ‘పదును’ అనేవాడు. వాన వెలిసిన మర్నాడు మట్టిని పిడికిట్లో నొక్కేవాడు. ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోయిందా, విత్తనానికి పదునైనట్టే. ఈ నిల్వ మీద ఏ రాజు పేరూ లేదు.

ఎర్ర చెలకలో ఇసుక పాలు ఎక్కువ, లోతు తక్కువ. నల్లరేగడిలా నీటిని పట్టి ఉంచలేదు. గట్టి వాన పడితే పైపొర అట్ట కట్టి నీళ్ళు జారిపోతాయి. అందుకే సాళ్ళ మధ్య గుంటుక తోలి ఆ పొరని పగలగొట్టేవాళ్ళు. ఎండాకాలంలో చెరువు పూడిక మట్టిని బండ్లమీద చెలకకి చేర్చేవాళ్ళు. వాన కోసుకుపోయిన మెత్తటి మన్ను అలా మళ్ళీ పొలానికి చేరి తడిని పట్టేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు పూడిక తోలుకున్నదీ ఈ లెక్కతోనే.

ఇప్పుడు ఆ లెక్క తప్పుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. వాన లేని రోజుల్లో అది మట్టి నుంచి, ఆకుల నుంచి మరింత తడి లాగేస్తుంది. పడ్డప్పుడేమో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఏడాది చివర వర్షపాతం ‘సాధారణం’ అనే తేలొచ్చు, పైరు మాత్రం నడుమనే ఎండిపోయి ఉంటుంది. కుండపోతకి చెరువు నిండుతుంది, చెలక నిండదు.

దగ్గర్లోని గున్‌గల్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థకి క్షేత్రం ఉంది. 1985లో ఏర్పడిన ఈ సంస్థ చెప్పే ఉపాయాలు తాతకి కొత్తవి కావు: వాలుకి అడ్డంగా దున్నడం, సాళ్ళ మధ్య కాలువలు తీయడం, పొలంలోనే కుంట తవ్వడం. వాన ఎక్కడ పడితే అక్కడే ఆపాలన్నది వీటన్నిటి సారం.

తాత చివరి ఏళ్ళలో పదును చూసే విత్తేవాడు. మొలకొచ్చాక రెండో వాన రాక, మళ్ళీ విత్తనాలు కొని విత్తేవాడు. తప్పు తన చేతిదే అనుకున్నాడు. ఆయన పోయాక చెలక అమ్మేశాం, అక్కడిప్పుడు ప్లాట్ల హద్దు రాళ్ళున్నాయి. చెరువు మత్తడి దూకితే ఫోన్లో వీడియోలొస్తాయి, నేనూ పదిమందికి పంపిస్తాను. పదును మాత్రం ఏ వీడియోలోనూ కనపడదు. పిడికిట్లో నొక్కి చూడటం నేను నేర్చుకోలేదు.