ఆవర్తన పట్టికయు, అందలి ఖాళీ గళ్ళును

తమిళనాటి ఉత్తరపుటంచున, హోసూరు ప్రాంతమున తెలుగు బోధించుచున్న వాడను నేను. మా తరగతి గోడపై రెండు పటములు ప్రక్కప్రక్కనే వ్రేలాడుచుండును. ఒకటి తెలుగు వర్ణమాల, రెండవది తమిళ వర్ణమాల. తెలుగు పటములో క, ఖ, గ, ఘ, ఙ అని వరుసకైదు అక్షరములుండగా, తమిళ పటములో కకారము, దాని యనునాసికము మాత్రమే యుండును. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, తమిళంలో మధ్య మూడు అక్షరాలు ఎక్కడికి పోయినాయి?" అని యడిగినాడు. ఎక్కడికిని పోలేదనియు, అచ్చట ఒక్క లిపియే సందర్భమును బట్టి పెక్కు ధ్వనులను పలికించుననియు చెప్పితిని. ఆ వారమే వాడు రసాయన శాస్త్ర పుస్తకములోని మూలకముల పట్టికను తెరచి, ఉదజనికిని హేలియమునకును నడుమనున్న పెద్ద ఖాళీని చూపి, "మరి ఇక్కడ?" అనెను. తెలుగు పండితునకు వెంటనే చెప్పదగిన ప్రశ్న కాదది. దానికి సమాధానము వెదకుచు చదివినదే ఈ వ్యాసము.

మూలకములకు నమ్మదగిన పరమాణు భారములు లభించునంతవరకు వానిని వరుసగా పేర్చుట సాధ్యము కాలేదు. 1860లో జర్మనీ దేశమున కార్ల్సురూహె నగరమందు జరిగిన రసాయనజ్ఞుల మహాసభలో ఇటలీవాడగు కన్నిజారో ఆ భారములను నిర్ణయించు పద్ధతిని స్పష్టపరచిన పిమ్మట ఈ మార్గము సుగమమయ్యెను. 1866 మార్చి 1వ తేదీన లండను రసాయన సంఘమునందు న్యూలాండ్సు అను నాతడు, భారక్రమమున పేర్చినచో ప్రతి యెనిమిదవ మూలకము మొదటి దానిని పోలియుండునని విన్నవింపగా, ఫోస్టరు అను ఆచార్యుడు "పేర్లలోని మొదటి యక్షరముల క్రమమున పేర్చి చూచితిరా?" అని పరిహసించెను. రోమను లిపిలో ఒక యక్షరము వెనుక మరియొకటి యేల వచ్చునో చెప్పుటకు కారణము లేదు గనుక ఆ పరిహాసము చెల్లినది. మన వర్గాక్షరముల యమరిక నెరిగిన వానికి అక్షరక్రమము హాస్యాస్పదముగ తోచదు. న్యూలాండ్సు చేసిన పొరపాటు వేరొకటి. ఆతడా పట్టికలో ఖాళీలు విడువలేదు. గళ్ళు చాలనిచోట కోబాల్టును, నికెలును ఒకే గడిలో ఇరికించెను.

సెయింటు పీటర్సుబర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడగు మెండలీవు 1869లో, విద్యార్థులకై రసాయన శాస్త్ర గ్రంథము వ్రాయుచు ఈ సమస్యను చేపట్టెను. అప్పటికి తెలిసిన మూలకములు 63. ఆతని పట్టిక సారమును మన వ్యాకరణము చదివినవారు సులభముగ గ్రహింపగలరు. వర్గాక్షరములను అడ్డముగ చదివినచో ఉచ్చారణ స్థానమొక్కటే. నిలువుగ చదివినచో స్వభావమొక్కటే. క, చ, ట, త, ప లు నోటిలో వేర్వేరు తావుల పుట్టినను అన్నియు పరుషములే. ద్రుతము ముందుండగా ఐదును సరళములగుచున్నవి. సూత్రము ఒక్కొక్క యక్షరమునకు గాక నిలువు వరుసకంతకు వర్తించుచున్నది. అట్లే లిథియము, సోడియము, పొటాసియములు మూడును కత్తికి తెగునంత మెత్తని లోహములు. మూడును నీటితో కలిసి ఉదజనిని విడుదల చేయును. క్లోరిను, బ్రోమిను, అయొడినులది మరియొక కుటుంబము. నేటి పట్టికలో భారము, లేక సంఖ్య, అడ్డముగ పెరుగుచు పోవును. గుణము నిలువుగ నిలుచును.

మెండలీవు ధైర్యమంతయు ఖాళీలను విడుచుటలోనున్నది. పోలిక కుదరని చోట తరువాతి మూలకమును ముందునకు జరుపక, అచ్చట ఇంకను దొరకనిది యొకటి యుండవలెనని నిశ్చయించెను. 1871లో అట్టివానికి గుణములను సహితము ముందే వ్రాసి, సంస్కృత సంఖ్యావాచకములతో ఏక-అల్యూమినియము, ఏక-బోరాను, ఏక-సిలికాను అని పేర్లిడెను. అల్యూమినియమునకు క్రింద ఒక గడి దిగినచో దొరకునది ఏక-అల్యూమినియము. ఆ నగరముననే పాణినీయమును ప్రకటించిన బోట్లింకు పండితుడు పనిచేసియుండుటచే, పట్టికయంతయు పాణిని ప్రభావమున పుట్టినదని కొందరు వాదింతురు. ఉపసర్గలవలె చేర్చిన ఆ సంఖ్యలు సంస్కృతమే యనుట నిజము. అంతకు మించి యనుటకు ఆధారము చాలదని నా యభిప్రాయము. మన గొప్పను చెప్పుకొనుటకు లేనిదానిని కల్పింప నవసరము లేదు.

1875లో ఫ్రాన్సు దేశీయుడగు లెకాక్ ద బ్వాబోద్రాన్ గేలియమును కనుగొని, దాని సాంద్రత 4.7 అని ప్రకటించెను. ఆ లోహమును కంటనైన చూడని మెండలీవు అది 5.9 వంతున ఉండవలెనని వ్రాసి పంపెను. లోహమును మరల శుద్ధిచేసి తూచగా 5.9 వచ్చినది! 1879లో స్కాండియము, 1886లో జర్మేనియము దొరకి తక్కిన రెండు గళ్ళను నింపినవి. ఏక-సిలికాను పరమాణు భారము 72 అని ఆతడు చెప్పియుండగా జర్మేనియమునకు వచ్చినది 72 చిల్లరయే.

ఆతడు పొరబడిన చోట్లును గలవు. భారమును బట్టి అయొడిను ముందు, టెల్లూరియము వెనుక రావలెను. గుణమును బట్టి తారుమారుగ నుంచి, టెల్లూరియము భారమును సరిగా తూచలేదని ఆతడు తలచెను. తూకము సరియైనదే. నేటికిని టెల్లూరియము 127.6, అయొడిను 126.9. తప్పినది తూకము కాదు, భారమే క్రమమునకు మూలమను తలంపు. 1913లో మోస్లీ అను ఇరువదియైదేండ్ల ఆంగ్లేయుడు ఎక్స్ కిరణములతో పరీక్షించి, క్రమమును నిర్ణయించునది పరమాణు కేంద్రకమందలి ధనావేశ సంఖ్య యని చూపెను. టెల్లూరియము 52, అయొడిను 53. గుణమును నమ్మి మెండలీవు చేసిన యమరిక నిలిచినది. మోస్లీ 1915 ఆగస్టులో గలిపోలి యుద్ధరంగమున మరణించెను.

ఇక తెలుగు నేలకు సంబంధించిన ఘట్టము. పట్టిక పుట్టుటకు ఇంచుమించు ఆరు మాసములకు ముందు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రాన్సునుండి జాన్సెను గుంటూరునకు వచ్చెను. మద్రాసు ప్రభుత్వ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు పాగ్సను మచిలీపట్టణమున నిలిచెను. సూర్యుని యంచున లేచు జ్వాలల వర్ణపటమున ప్రకాశవంతమగు గీతలు కనబడినవి. వానిలో పసుపుపచ్చని గీత యొకటి. దానిని సోడియము గీతగా తలచినవారు పలువురు. గ్రహణము లేకయే ఆ జ్వాలలను చూడవచ్చునని మరునాడే గుంటూరులో నిరూపించుట జాన్సెను ఘనకార్యము. ఆ పసుపు గీత సోడియమునకు చెందదని అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున స్పష్టపరచినవాడు లాకియరు. సూర్యుని గ్రీకు నామమును బట్టి హేలియమను పేరు వచ్చుటయు ఆతని వలననే. "గుంటూరులో హేలియము కనుగొనబడెను" అను మాటను మన సభలలో తరచు వినుచున్నాము. గుంటూరు ఆకాశము ఆ కథకు నాంది పలికినదనుట సత్యము; తక్కినది పలువురి కృషి.

విశేషమేమనగా ఈ హేలియమునకు మెండలీవు పట్టికలో ఖాళీ గడియైనను లేదు. ఫ్లోరిను వెంటనే సోడియము వచ్చుచుండెను. 1894లో రేలీ, రామ్సేలు గాలినుండి ఆర్గానును పట్టుకొనిరి. దేనితోను కలియని ఆ వాయువును మెండలీవు తొలుత మూలకమని నమ్మక, మూడు పరమాణువులు గూడిన నత్రజని యని శంకించెను. మరుసటి యేడు రామ్సే యురేనియము గల ఖనిజమొకదానిని ఆమ్లములో వేసి వెలువడిన వాయువును పరీక్షింపగా, సూర్యునిలోని ఆ పసుపు గీతయే కనబడినది. 1898లో క్రిప్టాను, నియాను, జినానులు వరుసగా బయటపడినవి. ఒక్కటి వచ్చియున్నచో పట్టిక చెడెడిదేమో. కుటుంబమంతయు కలిసి వచ్చుటచే ఫ్లోరిను కుటుంబమునకును సోడియము కుటుంబమునకును నడుమ నిలువు వరుస యొకటి ఏర్పడినది. దానికి సున్న వర్గమని పేరు పెట్టిరి. నేడది పదునెనిమిదవ వర్గము.

పరమాణువులోని ఎలెక్ట్రానుల యమరిక తెలిసిన పిదప వరుసల పొడవులకు కారణము దొరకినది. మొదటి కక్ష్యలో రెండింటికే చోటు. కావున మొదటి వరుసలో ఉదజని, హేలియములు మాత్రమే. తరువాతి రెండు వరుసలకు ఎనిమిదేసి. నాల్గవ, ఐదవ వరుసలలో పది చొప్పున అదనముగ చేరి పదునెనిమిది. ఆరు, ఏడు వరుసలలో మరి పదునాలుగు చేరి ముప్పదిరెండు. కాగితము చాలదని ఆ అదనపు వానిని క్రింద వేరుగ ముద్రింతురు.

అనగా మా బాలుడు చూపిన ఖాళీలో పోయినది ఏదియు లేదు. పదునెనిమిది గళ్ళ వెడల్పు గల పుటలో రెండే మూలకములను రెండు కొసల నుంచుటచే ఏర్పడిన ఖాళీ యది. తమిళ పటములోని వంటిది. మెండలీవు విడిచిన ఖాళీ వేరు. అందు మరియొకటి, మాంగనీసు క్రింది గడి, టెక్నీషియముచే 1937లో నిండినది. 113, 115, 117, 118 సంఖ్యలు గల వానికి 2016లో పేర్లు పెట్టుటతో ఏడవ వరుస పూర్తియైనది. హేలియము మాత్రము తగవులమారి. బయటి కక్ష్యలోనున్న రెండు ఎలెక్ట్రానులను బట్టి బెరీలియము పైన కూర్చుండవలసినది. నడవడిని బట్టి నియాను పైన కూర్చున్నది.

ఇదంతయు చెప్పి ముగించి, పటమును చుట్టుచుండగా వాడు మరల లేచి, "అయితే సార్, ఎనిమిదో వరుస?" అనెను. ఆ వరుసకు చెందిన మూలకమొక్కటియు ఇంకను దొరకలేదు.