దగ్గితే జారే చుక్కకు నూరేళ్ల పట్టీ

రాయికోడ్ నుంచి జహీరాబాద్ దాకా నల్లరేగడి చేలల్లో జొన్నకట్టలు నెత్తికెత్తుకునే ఆడవాళ్లలో, దగ్గితే మూత్రం జారి బట్ట తడుస్తుందని డాక్టరుకు చెప్పుకునేవాళ్లు తక్కువే. ‘కాన్పులైనంక ఇట్లనే ఉంటది’ అని సర్దుకుపోతారు. గర్భసంచి తీయిస్తే పోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. పోదు. తప్పు గర్భసంచిది కాదు. మూత్రనాళానికి అడుగున ఆసరాగా ఉండే కండరాలు, పొరలు సడలాయి.

సడలిన ఆ చోట మరో ఆసరా కట్టే ప్రయత్నం 1907లో మొదలైంది. ఇటలీ సర్జన్ జోర్డానో తొడ కండరాన్ని తెచ్చి మూత్రనాళం చుట్టూ తిప్పాడు. 1942లో అమెరికాలో ఆల్‌డ్రిడ్జ్ పొత్తికడుపు గోడలోని గట్టి పొర నుంచి పట్టీలు తీసి, మూత్రనాళం కింద ఉయ్యాలలా కట్టాడు. అదే స్లింగ్. 1978లో మెక్‌గ్వైర్, లిట్టన్ దానికి మళ్లీ ఊపిరి పోశారు. ఫలితం బాగుండేది. అయితే పొట్ట కోయాలి. కొందరికి ఆపరేషన్ తర్వాత మూత్రం సాఫీగా రాదు.

1996లో స్వీడన్ వైద్యుడు ఉల్‌ఫ్ ఉల్మ్‌స్టెన్ కోత చిన్నది చేశాడు. పాలీప్రొపిలీన్ టేపును బిగించకుండా, మూత్రనాళం నడిమి భాగం కింద వదులుగా పరిచాడు. దగ్గు వచ్చినప్పుడు నాళం దాని మీద ఒత్తుకుని మూసుకుంటుంది. ఆ టేపును మూత్రాశయం పక్క నుంచి పైకి లాగితే మూత్రాశయానికి చిల్లు పడే భయం ఉందని, 2001లో ఫ్రాన్స్‌లో డెలార్మ్ తొడ మొదలు వైపు దారి మళ్లించాడు.

ఏ దారి మేలు? 2010లో అమెరికాలో 597 మందితో జరిగిన అధ్యయనం తేల్చింది: ఏడాది తర్వాత పరీక్షల్లో పై దారికి 80.8 శాతం, తొడ దారికి 77.7 శాతం విజయం. దాదాపు సమానమే. తొడ దారిలో కాలి తిమ్మిరి, బలహీనత ఎక్కువ. పై దారిలో మూత్రం పోయడం కష్టమై మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు 2.7 శాతం.

అందరికీ అంత సాఫీగా జరగలేదు. కొందరిలో టేపు యోని గోడను ఒరుసుకుని బయటపడింది, నొప్పి తగ్గలేదు, తీయబోతే పూర్తిగా రాలేదు. 2018 జూలైలో ఇంగ్లండ్ ఈ టేపుల వాడకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. 2020లో అక్కడి కంబర్లెజ్ సమీక్ష నివేదిక, బాధితులు చెప్పింది ఎవరూ వినలేదని తేల్చింది. దాంతో పాతదనుకున్న సొంత పొర స్లింగ్ వైపు సర్జన్లు మళ్లీ చూస్తున్నారు. టేపు పనికిరానిదని నేననను. లోపల పెట్టేది తీయడం కష్టమని ముందే చెప్పకపోవడమే అసలు తప్పు.

అమ్మలారా, అక్కలారా, ముందు కటి కండరాల వ్యాయామం మూడు నెలలు సరిగ్గా నేర్చుకుని చేయండి. అప్పటికీ తగ్గక ఆపరేషన్ అంటే, సంతకం పెట్టే ముందు అడగండి: పట్టీ నా ఒంటిదా, ప్లాస్టిక్‌దా? తేడా వస్తే తీసేది ఎవరు?